ఒక్క సరస్సులో అన్ని జాతులు ఎలా పుట్టాయి?

కోల్‌కతాలో ఉండే తెలుగువాళ్లకు ప్రతి చేపకూ రెండు పేర్లు తెలిసి ఉండాలి. మనం శీలావతి అంటే ఇక్కడివాళ్లు రుయి అంటారు. బొచ్చె అంటే కాత్లా, ఎర్రమోసు అంటే మృగేల్. తిలాపియాకు మాత్రం రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే పేరు, ఎందుకంటే అది ఇద్దరికీ పరాయి చేపే. ఆఫ్రికాకు చెందిన ఈ చేపను 1952లో మన దేశానికి తెచ్చారు. చవగ్గా దొరుకుతుంది, మురికి నీళ్లలోనూ బతికేస్తుంది, కాబట్టి ఎవరూ దానికి పెద్ద గౌరవం ఇవ్వరు. కానీ జీవశాస్త్రంలో దాని కుటుంబానికి ఉన్న పేరు మన పులసకూ లేదు, వీళ్ల ఇలిష్‌కూ లేదు. (ఆ రెండూ ఒకే చేప అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.)

ఆ కుటుంబం పేరు సిక్లిడ్‌లు. మన దేశానికి సొంతమైన సిక్లిడ్‌లు మూడే మూడు జాతులు. కేరళవాళ్లు కరిమీన్ అని ఇష్టంగా తినేది అందులో పెద్దది. పులికాట్, చిలకా లాంటి ఉప్పు కలిసిన సరస్సుల్లోనూ అది దొరుకుతుంది. రెండోది నారింజ రంగులో ఉండే చిన్న చేప. మూడోది కర్ణాటక ప్రాంతంలో కొద్ది చోట్ల మాత్రమే ఉంది. ఇంతే. అదే ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో ఇదే కుటుంబానికి చెందినవి సుమారు 500 జాతులు ఉండేవి. మలావీ సరస్సులో అంతకన్నా ఎక్కువే. ఈ జాతుల్లో చాలా వరకు ఆ ఒక్క సరస్సులో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. అంటే ఎక్కడినుంచో వచ్చి చేరినవి కావు, అక్కడే పుట్టినవి.

ఒకే కుటుంబం ఒకచోట మూడుగానూ, ఇంకోచోట 500గానూ ఎందుకయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మన కొల్లేరు గురించీ, కోల్‌కతా మార్కెట్లకు లారీల్లో వచ్చే ఆంధ్ర చేపల గురించీ కూడా కొన్ని విషయాలు తెలుస్తాయి.

ముందు జాతి అంటే ఏమిటో గుర్తు చేసుకుందాం. పాఠ్యపుస్తకం చెప్పేది: తమలో తాము కలిసి, మళ్లీ సంతానం కనగల పిల్లల్ని కనే జీవుల సమూహం. ఒక జాతి రెండుగా చీలాలంటే వాటి మధ్య కలయిక ఆగిపోవాలి. దీనికి అందరికీ తేలిగ్గా అర్థమయ్యే దారి, మధ్యలో ఒక కొండో సముద్రమో అడ్డం రావడం. అటు కొన్ని, ఇటు కొన్ని ఉండిపోతాయి. వేల ఏళ్లు గడిచాక కలిపినా కలవనంతగా మారిపోతాయి. దీనిలో చిక్కేమీ లేదు. చిక్కంతా సరస్సుతోనే. అక్కడ గోడ లేదు, కొండ లేదు. చేప ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదుకుంటూ పోగలదు. అలాంటి చోట కలయిక ఎలా ఆగింది?

కాలం సంగతి తెలిస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. విక్టోరియా సరస్సు పశ్చిమ బెంగాల్ విస్తీర్ణంలో నాలుగింట మూడు వంతులంత ఉంటుంది, కానీ లోతు 80 మీటర్లే. అడుగున ఉన్న మట్టిని గొట్టాలతో తవ్వి తీసి చూస్తే, సుమారు 15,000 ఏళ్ల క్రితం అది ఎండిపోయిందనడానికి గుర్తులు దొరికాయి. చుట్టుపక్కల నదుల్లో, మడుగుల్లో మిగిలిన చేపలే తిరిగి నిండిన సరస్సులోకి వచ్చి ఉండాలి. అంటే ఈ 500 జాతులూ ఇంచుమించు ఆ 15,000 ఏళ్లలో తయారైనవే. పరిణామానికి లక్షల ఏళ్లు పడుతుందని చదువుకున్న మనకు ఇది మింగుడు పడదు. 15,000 ఏళ్ల క్రితం మనుషులు ఇంకా వ్యవసాయం కూడా మొదలుపెట్టలేదు.

ఇంత తొందరగా ఎలా మారాయన్న దానికి శాస్త్రవేత్తలు ముఖ్యంగా రెండు కారణాలు చూపిస్తారు. ఒకటి నోరు, రెండోది కన్ను.

నోటి సంగతి మన వంటింట్లోనే కొంత తెలుసుకోవచ్చు. ఈసారి ఇంట్లో శీలావతి తల వండినప్పుడు, తిన్నాక మొప్పల వెనక గొంతు దగ్గరి ఎముకల్ని జాగ్రత్తగా విడదీసి చూడండి. దవడల మీద ఒక్క పన్ను ఉండదు, కానీ గొంతులో వరసగా పళ్లుంటాయి. నోరు తిండిని పట్టుకోవడానికి, గొంతు నమలడానికి. సిక్లిడ్‌లకు ఈ ఏర్పాటు ఇంకా బాగా కుదిరింది. వాటికి నోట్లో ఒక దవడ జత, గొంతులో ఇంకో దవడ జత ఉంటాయి. నమిలే పని గొంతు చూసుకుంటుంది కాబట్టి, బయటి నోటికి ఏ ఆకారమైనా తీసుకునే స్వేచ్ఛ దొరికింది. రాళ్ల మీది నాచును గీకే నోరు, నత్తల్ని చితక్కొట్టే గొంతు, చిన్న చేపల్ని మింగే పొడవాటి మూతి, చివరికి ఇతర చేపల పొలుసుల్ని పీక్కు తినే పళ్లు కూడా వచ్చాయి.

కొత్తగా నిండిన సరస్సును ఊహించుకోండి. నాచు ఉంది, నత్తలున్నాయి, నీటిపైన తేలే సూక్ష్మజీవులున్నాయి, కానీ వాటిని తినడానికి పోటీ వచ్చే జీవులు తక్కువ. ఒకే జాతి చేపల్లో కొన్నిటికి దవడ కాస్త బలంగా ఉంది, అవి అడుగున నత్తల దగ్గర చేరాయి. కొన్నిటికి మూతి కాస్త సన్నంగా ఉంది, అవి పైనీటిలో తిరిగాయి. రెండిటికీ పుట్టిన మధ్యరకం పిల్ల సంగతేమిటి? నత్తను పగలగొట్టేంత బలమూ లేదు, పైనీటిలో వేగమూ లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. అలాంటివి తక్కువగా బతుకుతాయి. కాబట్టి తనలాంటి దానితోనే జతకట్టే చేపకు లాభం. తరం తర్వాత తరం ఇలా జరిగితే గోడ లేకుండానే రెండు గుంపులు విడిపోతాయి. దీన్నే ప్రకృతి వరణం అంటాం.

ఇది సిక్లిడ్‌లకే పరిమితం కాదు. ఇథియోపియాలో తానా అనే సరస్సు ఉంది. నీలి నైలు నది అక్కడే బయల్దేరుతుంది. కొంత దూరం వెళ్లాక పెద్ద జలపాతమై దూకుతుంది, కింది చేపలు పైకి ఎక్కలేవు. ఆ సరస్సులో మన శీలావతి కుటుంబానికే చెందిన పెద్ద చేపలు సుమారు 15 జాతులుగా విడిపోయాయి. వాటిలో 8 జాతులు ఇతర చేపల్ని వేటాడి తింటాయి. దవడల మీద పళ్లు లేని కుటుంబంలో వేటగాళ్లు పుట్టడం విచిత్రమే, కానీ పోటీకి వేరే వేటగాళ్లు లేనప్పుడు అదీ సాధ్యమే. గుడ్లు పెట్టే చోటు కూడా విడిపోయింది. కొన్ని జాతులు వానాకాలంలో నదుల్లోకి ఎక్కి గుడ్లు పెడతాయి, మిగిలినవి సరస్సులోనే పెడతాయి.

ఇక కన్ను. విక్టోరియా సరస్సులో రాళ్ల దగ్గర బతికే రెండు జాతులున్నాయి. ఆడచేపలు రెండిటిలోనూ దాదాపు ఒకేలా గోధుమ రంగులో ఉంటాయి. మగచేపలు మాత్రం ఒకదానిలో నీలం, ఇంకోదానిలో ఎరుపు. నీలం చేపలు ఒడ్డుకు దగ్గరగా పైనీటిలో, ఎర్రవి కాస్త లోతులో ఉంటాయి. ఆ సరస్సు నీళ్లలో లోతుకు వెళ్లేకొద్దీ నీలి కాంతి తగ్గిపోయి ఎరుపు వైపు కాంతి మిగులుతుంది. లోతులో ఉండే చేపల కళ్లు ఎరుపును బాగా పట్టుకునేలా మారాయి. దానికి సంబంధించిన జన్యువులోనే తేడా ఉందని 2008లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఎరుపు బాగా కనిపించే ఆడచేప ఎర్రటి మగచేపను ఎంచుకుంటుంది, నీలం బాగా కనిపించేది నీలాన్ని. కొన్ని మీటర్ల లోతు తేడా చాలు, రెండు జాతులు పక్కపక్కనే ఉంటూ కలవకుండా ఉంటాయి. జతను ఎంచుకోవడం వల్ల జరిగే ఈ మార్పును లైంగిక వరణం అంటారు.

మన కరిమీన్ ఎందుకు మూడు జాతుల గుంపులో ఉండిపోయిందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. కరిమీన్‌లో ఆడా మగా చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండూ జంటగా ఉండి గుడ్లకూ పిల్లలకూ కాపలా కాస్తాయి. విక్టోరియా చేపల్లో ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని ఒంటరిగా పొదుగుతుంది. మగవాటికి రంగులు చూపించి మెప్పించడమే పని. రంగుల పోటీ లేనిచోట రంగులతో విడిపోవడమూ లేదు.

ఇంతవరకు చదివాక మీలో కొందరికి ఒక అనుమానం వచ్చి ఉండాలి, వస్తే మంచిదే. ఈ జాతులు బయట నదుల్లో ఎప్పుడో విడివిడిగా పుట్టి, తర్వాత సరస్సులోకి వచ్చి చేరి ఉండొచ్చు కదా? విక్టోరియా లాంటి పెద్ద సరస్సులో దీన్ని తేల్చడం కష్టం. అందుకే శాస్త్రవేత్తలు చిన్న సరస్సుల్ని వెతికారు. కామెరూన్ దేశంలో బరోంబి ఎంబో అనే సరస్సు చల్లారిన అగ్నిపర్వతం నోట్లో ఏర్పడింది. అడ్డంగా రెండున్నర కిలోమీటర్లే, గుండ్రంగా గిన్నెలా ఉంటుంది. అందులో తిలాపియాకు దగ్గరి చుట్టాలైన సిక్లిడ్‌లు 11 జాతులున్నాయి. 1994లో వాటి డీఎన్ఏ పరీక్షించినప్పుడు, ఆ 11 జాతులూ బయటి నదుల్లోని వాటికన్నా ఒకదానికొకటే దగ్గరని తేలింది. నికరాగ్వా దేశంలోని అపోయో అనే అలాంటి గుండ్రటి సరస్సులోనూ ఇదే కథ. ఆ సరస్సు వయసు 23,000 ఏళ్లకు లోపే. అందులో వెడల్పాటి చేప నుంచి బాణంలా సన్నటి చేప ఎలా విడిపోయిందో 2006లో వివరించారు. గిన్నెలాంటి సరస్సులో దాక్కోవడానికి మూలలు కూడా ఉండవు. కాబట్టి గోడ లేకుండా జాతి చీలడం నిజంగానే జరిగిందని నమ్మక తప్పదు.

మరి మన కొల్లేరులో ఎందుకు జరగలేదు? వయసు చాలలేదని తోసిపుచ్చడానికి లేదు. కొల్లేరుకూ కొన్ని వేల ఏళ్లున్నాయి. కృష్ణా గోదావరి డెల్టాలు సముద్రంలోకి పెరుగుతూ ఉంటే మధ్యలో మిగిలిన పల్లం అది. నా ఉద్దేశంలో అసలు కారణం దాని తలుపులు ఎప్పుడూ తెరిచి ఉండటమే. బుడమేరు, తమ్మిలేరు ప్రతి వానాకాలం కొత్త నీటినీ కొత్త చేపల్నీ తెస్తాయి. ఉప్పుటేరు దాన్ని సముద్రంతో కలుపుతుంది. లోతు చాలా తక్కువ, ఎండాకాలంలో చాలా భాగం బయటపడుతుంది. విడిపోవడం మొదలైన గుంపును వరద మళ్లీ కలిపేస్తుంది. పైగా శీలావతి, బొచ్చె, ఎర్రమోసు నిలవ నీటిలో తమంతట తాము గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు నది ప్రవాహం కావాలి. ఏటా పెళ్లికి పుట్టింటికి వెళ్లాల్సిన చేప సరస్సులో కొత్త కాపురం ఎలా పెడుతుంది?

చెరువులో ఈ మూడు చేపల్నీ కలిపి పెంచడం మీరు చూసే ఉంటారు. బొచ్చె పైనీటిలో తింటుంది, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. ఇది చూసి, ఇవి కూడా ఒకే చెరువులో విడిపోయాయని అనుకోకూడదు. కలిసి బతకడం వేరు, కలిసి పుట్టడం వేరు. నదుల్లో ఎప్పుడో విడిపోయిన వాటిని మనం తెచ్చి ఒకచోట వేశాం.

తలుపులు మూసుకున్న సరస్సును చూసిన శాస్త్రవేత్త ఒకరు మన కోల్‌కతాలోనే ఉండేవారు. చౌరంగీలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన నెల్సన్ అనండేల్, 1916లో ఇక్కడే మొదలైన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మొదటి డైరెక్టర్. చిలకా సరస్సు జీవుల్ని స్టాన్లీ కెంప్‌తో కలిసి వివరంగా పరిశీలించిన తర్వాత, ఆయన 1917లో బర్మాలోని షాన్ కొండల మీద ఉన్న ఇన్లే సరస్సుకు వెళ్లారు. అది కొండల మధ్య, సముద్రానికి చాలా ఎత్తున ఉన్న తేటనీటి సరస్సు. అక్కడ ఆయనకు మరెక్కడా లేని చేపలు కనిపించాయి. పొలుసులే లేని ఒక చిన్న మెరిసే చేపకు, షాన్ దొరల బిరుదైన సావ్‌బ్వా అనే మాటనే ప్రజాతి పేరుగా పెట్టారు. పాములాంటి ఇంకో చేపకు చౌధురియా అని పేరు పెట్టారు. మ్యూజియంలో ఆయనతో పాటు చేపల మీద పనిచేసిన బెంగాలీ శాస్త్రవేత్త బి. ఎల్. చౌధురి పేరది. మన కొర్రమీను చుట్టం ఒకటి కూడా ఆ సరస్సులో కొత్త జాతిగా దొరికింది. ఈ వివరాలన్నీ 1918లో కోల్‌కతా మ్యూజియం పత్రికలో అచ్చయ్యాయి.

అయితే ఇన్లేకూ విక్టోరియాకూ తేడా ఉంది. ఇన్లేలో ప్రత్యేకంగా ఉన్నవి వేర్వేరు వంశాల చేపలు. ఒక్క తల్లి నుంచి వందలుగా చీలిన గుంపు కాదు. ఒంటరితనం కొత్త జాతిని చేయగలదు. వందల జాతుల్ని చేయాలంటే దానితో పాటు విడివిడి తిండి, విడివిడి జత కూడా కుదరాలి.

ఇలా విడిపోయినవి ఎప్పటికీ అలాగే ఉంటాయా? ఈ ప్రశ్న దగ్గర కథ కొంచెం బాధగా మారుతుంది. 1950లలో విక్టోరియా సరస్సులో నైలు పర్చ్ అనే పెద్ద వేట చేపను వదిలారు. 1980లు వచ్చేసరికి సుమారు 200 జాతులు కనిపించకుండా పోయాయి. అన్నిటినీ పర్చ్ తినలేదు. చుట్టూ పొలాల నుంచి, ఊళ్ల నుంచి వచ్చిన మురుగుతో నీళ్లు మసకబారాయి. మసక నీళ్లలో నీలమూ ఎరుపూ ఒకేలా కనిపిస్తాయి. ఓలె సీహాసన్, ఆయన సహచరులు 1997లో చూపించింది ఇదే: నీరు ఎంత మసకగా ఉంటే అక్కడ రంగులూ జాతులూ అంత తక్కువ. రంగు తెలియని ఆడచేప ఎవరినో ఒకరిని ఎంచుకుంటుంది, రెండు జాతులు మళ్లీ ఒకటైపోతాయి. ఒక్క చేప కూడా చావకుండానే జాతి పోతుంది.

కెనడాలోని ఈనోస్ సరస్సులో స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపలు, మంచుయుగం తర్వాత, అడుగున తినేవిగా, పైన తినేవిగా రెండుగా విడిపోయాయి. 1990ల ప్రాంతంలో బయటినుంచి ఒక రకం క్రేఫిష్ వచ్చింది, నీటి మొక్కలు దెబ్బతిన్నాయి. 2006 నాటికి ఆ రెండు జాతులూ కలగలిసిపోయాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు. వేల ఏళ్లలో విడిపోయినవి ఇరవై ఏళ్లు కూడా పట్టకుండా కలిసిపోయాయి.

ఫిలిప్పీన్స్‌లోని లనావో సరస్సు ఇంకా దారుణం. అక్కడ మన పరిగెలకు చుట్టాలైన చేపలు, బెంగాలీలు పుంటి అనే రకం, ఒకే సరస్సులో సుమారు 18 జాతులుగా విడిపోయాయని ఆల్బర్ట్ హెర్రే 1924లో వర్ణించారు. బయటి చేపలు వచ్చి చేరాయి, వేట ఎక్కువైంది. 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఆ సరస్సుకూ దాని నదికీ చెందిన 15 జాతులు అంతరించాయని ప్రకటించింది.

కలయిక ఎప్పుడూ నష్టమేనని కాదు. విక్టోరియా చేపల మూలంలోనే, రెండు దూరపు నదుల చేపలు లక్షకు పైగా ఏళ్ల క్రితం కలిసిన జన్యువులున్నాయని 2017లో తేలింది. ఆ కలగలుపు వల్లే అన్ని రంగులకూ నోళ్లకూ ముడిసరుకు దొరికిందట. అప్పుడు సరస్సు పెద్దది, ఖాళీగా ఉంది, కలిసినవి మళ్లీ విడిపోవడానికి చోటుంది. ఇప్పుడు ఆ చోటే కరువు.

మళ్లీ మన చేపల దగ్గరికి వస్తే, శీలావతి, బొచ్చె విడిగా ఉండటానికి నది ఒక్కటే కాదు, అవి గుడ్లు పెట్టే తీరూ కారణమే. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, కె. హెచ్. అలీకున్హి పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, నది అక్కర్లేకుండానే ఈ చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. కైకలూరు, ఆకివీడు చెరువుల నుంచి హౌరా మార్కెట్ దాకా వచ్చే చేపల వ్యాపారమంతా ఆ సూది మీదే నిలబడింది. అది గొప్ప మేలు, అందులో సందేహం లేదు. కానీ హేచరీలో వేర్వేరు జాతుల తల్లి చేపల్ని ఒకే తొట్టిలో వదిలితే గుడ్లూ వీర్యమూ నీటిలో కలిసి సంకర పిల్లలు పుడతాయి. చిన్నప్పుడు వాటిని గుర్తుపట్టడం కష్టం. కొన్ని సంకరాలకు మళ్లీ పిల్లలు కూడా పుడతాయి. అవి వరదల్లో నదిలోకి చేరితే, నదిలో విడిగా ఉన్న జాతుల్లోకి ఆ కలగలుపు పాకుతుంది.

దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. తల్లి చేపల్ని ఎంచుకునేటప్పుడు మళ్లీ నోరే చూడాలి. శీలావతి పెదవి అంచు కుచ్చులు పెట్టినట్టు ఉంటుంది, నోరు కిందికి తిరిగి ఉంటుంది. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. ఈ రెండిటికీ మధ్యరకంగా కనిపించిన చేపను తొట్టిలో వేయకుండా కూరకు పంపించాలి.